పసికందు శయనమును శ్వాసమును

తెలుగింట శిశువు తొలిసారి తనంత తాను బోర్లపడిన దినమున బొబ్బట్లు వండి ఇరుగుపొరుగులకు పంచిపెట్టుట వాడుక. నాలుగైదు మాసములు వెల్లకిల పరుండి దూలములను, తల్లి మొగమును మాత్రమే చూచుచుండిన బిడ్డ, ఒకనాడు నడుము మెలిపెట్టి, క్రింద చిక్కుకొన్న చేతిని లాగుకొనలేక గుక్కపెట్టి, తుదకు మెడ నిలిపి తలయెత్తి చూచుట ఆ కుటుంబమునకు పండుగ యగుటలో వింత యేమియు లేదు. ఐతే నెలలు నిండకమున్నే లోకమునకు వచ్చి, గాజుపెట్టెలో గొంతున గొట్టముతో, వెంటిలేటరు పంపెడు గాలితో ప్రాణము నిలుపుకొనుచున్న పసికందు విషయమున, ఆ బోర్లపడుట యనునది స్వప్రయత్నము గాక పరహస్తముల వలన జరుగవలసియున్నది. అట్టి శిశువును ఏ వైపునకు త్రిప్పి పరుండబెట్టవలెను, ఎప్పుడు ఆ గొట్టమును తీసి వాని ఊపిరిని వానికే అప్పగింపవలెను అను రెండు ప్రశ్నలకు వైద్యలోకము సమాధానము వెదకిన తీరు నూటయేబది యేండ్లకు పైబడిన చరిత్ర.

నవజాతశిశువుల శ్వాసచికిత్సను గూర్చి వ్రాసినవారిలో అధికులు యంత్రముల పరంపరను వర్ణించి తృప్తిపడిరి. ఏ సంవత్సరమున ఏ పెట్టె వచ్చెను, ఏ మందు కనుగొనబడెను అనునవి చరిత్రలో స్థిరముగా నిలిచినవి. బిడ్డను ఏ వైపునకు పరుండబెట్టిరి అను సంగతి మాత్రము ఆసుపత్రి దినచర్యలో కలిసిపోయి, వ్రాయదగినదిగా చిరకాలము ఎవరికిని తోచలేదు. యంత్రము వైద్యుల సొత్తును, పరుండబెట్టుట నర్సుల పనియు నగుట ఇందుకు కొంత కారణమని నా నమ్మకము. కాని యంత్రములు పుట్టకపూర్వము, ఆగిన ఊపిరిని మరల కదలించు విద్య యావత్తును దేహమును త్రిప్పుటయందే యుండెనని మరువరాదు.

1856లో లండనున మార్షల్ హాల్ అను వైద్యుడు, నాడీమండలపు ప్రతీకారచర్యలపై పరిశోధనలచే అప్పటికే ప్రఖ్యాతుడై, జీవితపు చివరి దినములలో నీట మునిగినవారిని బ్రతికించు ఉపాయములను విచారింప బూనెను. వెల్లకిల పడియున్న అచేతనుని నాలుక వెనుకకు జారి గొంతును మూసివేయునని ఆతడు గ్రహించెను. కావున మనిషిని బోరగిల పరుండజేసి, వీపుపై నొత్తి, పిదప మెల్లగా ప్రక్కకును, ప్రక్కకంటె కొంచెము ఆవలకును దొర్లించి, మరల బోరగిలకు తెచ్చి, ఈ విధముగా నిమిషమునకు సుమారు 15 పర్యాయములు చేయుడని బోధించెను. బోరగిల నున్నప్పుడు దేహభారముచే ఱొమ్ము అణగి గాలి వెడలును. ప్రక్కకు దొర్లినప్పుడు ఱొమ్ము విప్పారి గాలి చొచ్చును. ఇందు పరికరము లేదు, తిత్తి లేదు, గొట్టము లేదు. దేహమును ఎట్లుంచవలెనను ఆలోచన మాత్రమే కలదు. నీట మునిగినవారికై పుట్టిన ఈ పద్ధతిని మంత్రసానులును, ప్రసూతివైద్యులును పుట్టి ఏడ్వని శిశువులపైనను ప్రయోగించిరి. రెండేండ్లకే సిల్వెస్టర్ అను మరియొక ఆంగ్లవైద్యుడు వెల్లకిల పరుండబెట్టి చేతులను తలపైకెత్తి మరల ఱొమ్మునకు అదుముట మేలని వాదించెను. వెల్లకిలయా బోరగిలయా అను తగవు ఆనాడే మొదలైనది.

ఈ కాలమున పుట్టిన పద్ధతులన్నియు సౌమ్యములు కావు. 1871లో జర్మనీదేశమున యేనా నగరపు ప్రసూతివైద్యుడు షుల్ట్జె, శిశువును భుజములకడ పట్టుకొని, ముందునుండి తన తలపైవరకు ఊపి, మరల క్రిందికి జార్చు విధానమును ప్రకటించెను. పైకి పోయినప్పుడు శిశువు నడుము వంగి కాళ్ళు ఱొమ్ముపైకి వ్రాలి గాలి వెడలును. క్రిందికి వచ్చినప్పుడు దేహము సాగి గాలి ప్రవేశించును. యుక్తి సత్యమే. కాని అప్పుడే పుట్టిన బిడ్డ, తడి ఆరని దేహముతో, చలిగదిలో, ఆకాశమున ఊగుచుండుటను తలచుకొన్నచో నేటికిని మనస్సు కలుక్కుమనును. ఆ పద్ధతి దశాబ్దముల తరబడి పాఠ్యగ్రంథములలో నిలిచియుండెను. తెలియనితనమునకంటె ఆత్రమే వైద్యునిచేత కఠినకృత్యములు చేయించు నని ఇట్టి ఘట్టములను చదివినప్పుడు తోచుచుండును.

ఆ వెనుకటి కాలము వెచ్చదనమును కనుగొన్న కాలము. పారిస్ నగరమున తార్నియే అను ప్రసూతివైద్యుడు, జంతుప్రదర్శనశాలలో కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెను చూచి, అట్టిదానినే 1880 ప్రాంతమున నెలతక్కువ శిశువులకై చేయించెను. ఆతని శిష్యుడు బ్యూడాన్ తల్లిపాలకును, తల్లి సాన్నిధ్యమునకును ప్రాముఖ్య మిచ్చి ఆ మార్గమును విస్తరింపజేసెను. వెచ్చదనము వలన బ్రతికినవారు అనేకులు. కాని ఊపిరితిత్తులు పక్వము కాని బిడ్డలు ఆ వెచ్చని పెట్టెలలోనే, పుట్టిన రెండుమూడు దినములలో, రొప్పి రొప్పి కన్నుమూయుచుండిరి. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కు 1881లో పుట్టిన కుమారుడు ఊపిరి చాలక కొలది గంటలలోనే మరణించెను. ఆ దుఃఖమునుండి తేరుకొనుచు బెల్ ఱొమ్మును చుట్టివచ్చు లోహకవచమును నిర్మించి, లోపలి గాలిని లాగుచు వదలుచు నున్నచో ఊపిరితిత్తులు తామై విప్పారునని చూపెను. అది వాడుకలోనికి రాలేదు. ఐనను 1928లో బోస్టనున డ్రింకర్, షా అనువారు నిర్మించిన ఇనుప ఊపిరితిత్తికి అందలి ఊహయే పూర్వరూపము.

శిశువులు రొప్పి మరణించుటకు కారణమేమి? శవపరీక్షలలో వాయుకోశములందు గాజువలె మెరయు పొరలు కనబడుటచే, ఆ పొరలే మృత్యుకారణమని చాలకాలము నమ్మిరి. సత్యము అందుకు తలక్రిందు. 1929లోనే ఫాన్ నీర్‌గార్డ్ అను శాస్త్రజ్ఞుడు, ఊపిరితిత్తులు ముడుచుకొనుటకు లోపలి తడియందలి తలతన్యత ముఖ్యకారణమని తెలిపియుండెను; దాని నెవరును పట్టించుకొనలేదు. 1955లో ఇంగ్లండున పాటిల్, పిదప అమెరికాలో క్లెమెంట్స్, ఊపిరితిత్తులలో ఆ తన్యతను తగ్గించు స్నిగ్ధపదార్థ మొకటి కలదని నిరూపించిరి. 1959లో బోస్టనున మేరీ ఎలెన్ ఏవరీ అను వైద్యురాలు, మీడ్ అను సహచరునితో గూడి, రొప్పి మరణించిన శిశువుల ఊపిరితిత్తులలో ఆ పదార్థము కొరవడినదని ప్రకటించెను. తడిసిన పలుచని గుడ్డ మడతలు ఒకదానికొకటి అంటుకొనిపోవునట్లు ఆ వాయుకోశములు ప్రతి నిశ్వాసాంతమునను మూసుకొనిపోవును. ప్రతి ఊపిరియు వానిని తొలి ఊపిరివలెనే బలవంతముగా తెరువవలెను. కిలోబరువైనను తూగని బిడ్డ నిమిషమునకు 60, 70 పర్యాయములు ఈ పని చేసి చేసి అలసిపోవును. వ్యాధి యంతయు ఈ అలసటయే.

కారణము తెలిసినంత మాత్రమున మందు లభింపలేదు. 1961 అక్టోబరు నెలాఖరున నాష్‌విల్ నగరపు వాండర్బిల్ట్ విశ్వవిద్యాలయమున మిల్డ్రెడ్ స్టాల్మన్ అను వైద్యురాలు, చిన్నదిగా చేయించిన ఇనుప ఊపిరితిత్తిలో ఒక ఆడశిశువును ఉంచి బ్రతికించుకొనెను. అప్పటికి అది సాహసము. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనడీకి ఐదున్నర వారములు ముందుగా పుట్టిన కుమారుడు పాట్రిక్ ఇదే వ్యాధితో రెండు దినములైనను నిండకుండ బోస్టనున మరణించెను. అధికాధికమైన పీడనముగల ప్రాణవాయుమందిరమున శిశువును ఉంచిరి; నాటి శాస్త్రము చేయగలిగినది అంతియే. ఒక దేశాధ్యక్షుని సంపదయు, అధికారమును రెండు కిలోల బిడ్డ ఊపిరిని నిలుపజాలకపోవుట ప్రజల మనస్సులను కదలించెను. ఈ పరిశోధనకు ధనమును, ధ్యానమును అటుపిమ్మటనే ప్రవహించినవి. ఆ సంవత్సరములలోనే టొరంటో నగరపు బాలల ఆసుపత్రిలో గ్రీసుదేశీయురాలు మరియా డెలివోరియా-పాపడోపులోస్, స్వయర్ అను వైద్యునితో గూడి, గొంతులోని గొట్టము ద్వారా యంత్రముతో గాలిని లోనికి పంపి, మరణాసన్నులైన శిశువులలో కొందరిని బ్రతికించి తెచ్చెను. ఆ టొరంటో ఆసుపత్రి పేరు మన కథలో మరల రానున్నది.

ఇంతలో కేప్‌టౌన్ నగరమునుండి వచ్చిన ఒక చిన్న పరిశీలన, నా దృష్టిలో, పెద్ద యంత్రములకంటె విలువైనది. ఊపిరాడని శిశువులు ప్రతి నిశ్వాసమునను మూలుగుచుందురు; తల్లులకు ఆ మూలుగు గుండె కోయును; వైద్యులు దానిని బాధాచిహ్నముగనే ఎంచుచుండిరి. 1968లో హారిసన్, హీస్, క్లైన్ అనువారు ఆ మూలుగు నిరర్థకము కాదని కొలిచి చూపిరి. శిశువు కంఠద్వారమును సగము మూసి, గాలి ఒక్కసారిగా వెడలిపోకుండ నాపి, వాయుకోశములు ముడుచుకొనకుండ నిలుపుకొనుచున్నది. గొంతున గొట్టము వేసినయెడల కంఠద్వారము మూయబడదు, మూలుగు ఆగును. వెంటనే రక్తమున ప్రాణవాయువు తగ్గును. చికిత్స యనుకొన్నది బిడ్డ తనకు తాను చేసికొనుచున్న చికిత్సను చెరచుచున్నదన్నమాట. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జి గ్రెగరీ ఈ జ్ఞానమును ఆధారముగా గొని, ఊపిరి తీయుట బిడ్డకే వదలి, నిశ్వాసాంతమున కొంత పీడనము ఎడతెగక నిలుచునట్లు గొట్టమును అమర్చెను. 20 మంది శిశువులలో 16 మంది బ్రతికిరి. సీప్యాప్ అను పేర నేడు మన ఆసుపత్రులలో నీటిసీసాలో బుడగలు తేలుచు కనబడు పరికరము ఆ మూలుగునకు అనుకరణమే. శిశువు అసహాయమైన మాంసఖండము కాదనియు, వాని ప్రయత్నమును గమనించి దానికి తోడ్పడుటయే వైద్యమనియు నిశ్చయమైనది ఇచ్చట.

ఇక శయనభంగిమకు వత్తము. యంత్రములు వచ్చిన తొలిదినములలో శిశువులందరును వెల్లకిలనే యుండిరి. ఱొమ్ము కనబడవలెను, గొట్టము చేతి కందవలెను, బొడ్డునాళములు తెరచియుండవలెను. కావున అది పనివారికి అనుకూలమైన భంగిమ. శిశువునకు అనుకూలమా యని విచారించినవారు అరుదు. 1974లో టొరంటో బాలల ఆసుపత్రి శ్వాసశాస్త్రజ్ఞుడు చార్లెస్ బ్రయన్, అలిసన్ ఫ్రోస్ అను వైద్యురాలితో గూడి, మత్తుమందుచే కండరములు సడలిన పెద్దవారి ఉదరవితానమును పరిశీలించెను. మనిషి స్వయముగా ఊపిరి తీయునప్పుడు వెల్లకిలనున్నను ఉదరవితానపు వెనుకభాగము ఎక్కువగా కదలును. యంత్రము ఊపిరి నిచ్చునప్పుడు, ప్రేవుల బరువు వెనుకభాగమును నొక్కిపట్టుటచే, ముందుభాగమే కదలును. అనగా రక్తము అధికముగా పారుచున్న వెనుకటి ఊపిరితిత్తికి గాలి చాలదు, గాలి పోవుచోట రక్తము చాలదు. ఈ వైపరీత్యమును సరిచేయుటకు రోగిని బోరగిల త్రిప్పి చూడవచ్చునని బ్రయన్ అదే యేట సూచించెను. నూటపదునెనిమిది ఏండ్ల క్రిందట మార్షల్ హాల్ చెప్పినది, వేరు కారణముతో, మరల వినవచ్చినది.

శిశువుల విషయమున 1979వ సంవత్సరము ముఖ్యమైనది. అమెరికాలో మార్టిన్, ఫానరాఫ్ మొదలైనవారు నెలతక్కువ శిశువులను వెల్లకిలను, బోరగిలను మార్చి మార్చి పరుండబెట్టి, బోరగిలలో ధమనీరక్తపు ప్రాణవాయువు హెచ్చుచున్నదని చూపిరి. వాగమన్ బృందము గొంతున గొట్టముగల శిశువులయందే ఊపిరితిత్తుల సాగుగుణమును కొలిచి, అదియు బోరగిలలో మెరుగగుచున్నదని ప్రకటించెను. కారణములు ఒక్కొక్కటిగా తేటపడినవి. నెలతక్కువ శిశువు ప్రక్కటెముకలు ఎముకలు కావు, మృదులాస్థి వంటివి. ఉదరవితానము క్రిందికి లాగినపుడు ఱొమ్ము విప్పారుటకు మారుగా లోనికి గుంటపడును, కడుపు మాత్రము ఉబ్బును. శ్రమలో సగము ఆ గుంటలోనే వ్యర్థమగును. బోరగిలనున్నప్పుడు పడక ఱొమ్మునకు ఆనుకొని నిలుచును గనుక ఆ లోపలి కుంగుడు తగ్గి, ఱొమ్మును కడుపును ఒకే లయలో కదలును. గుండె ఊపిరితిత్తులపై ఒరిగియుండక ఱొమ్ముటెముకపై ఆనును. ఊపిరితిత్తులలో అధికభాగము వీపువైపున నున్నందున, ఆ భాగము బరువులేక తెరచుకొనును.

కాగితముపై ఇంత సులభముగా కనబడు పని మంచముకడ ఎట్లుండునో చెప్పనిచో ఈ చరిత్ర అసంపూర్ణమగును. కిలో బరువుగల శిశువు గొంతున వేయు గొట్టపు లోపలి వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. పెదవికడ 7 సెంటీమీటర్ల గుర్తుండునట్లు అతికింపబడును. శ్వాసనాళము మొత్తము పొడవే నాలుగు సెంటీమీటర్ల లోపున నుండును గనుక, గడ్డము ఱొమ్మునకు వంగినచో గొట్టపు కొన క్రిందికి జరిగి కుడి శాఖలో దూరును, ఎడమ ఊపిరితిత్తి మూగబోవును. తల వెనుకకు వ్రాలినచో కొన పైకి వచ్చి గొట్టమే ఊడిపోవచ్చును. అందుచే త్రిప్పునప్పుడు ఇద్దరు కావలెను. ఒక నర్సు ఎడమచేతి వ్రేళ్లతో తలను, కుడిచేతి బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను గొట్టమును పెదవికడ పట్టుకొనును. ఆమె చేయి ఆ పని ముగియువరకు వదలదు. రెండవయామె ఒక అరచేతిని ఱొమ్ము క్రిందను, మరియొక అరచేతిని తుంటి క్రిందను చొనిపి, తలయు మొండెమును ఒకేసారి తిరుగునట్లు ఎత్తి త్రిప్పును. ముందుగనే చుట్టిపెట్టిన మెత్తని గుడ్డ ఱొమ్ము క్రిందకు చేరును. కడుపు మాత్రము నొక్కబడక కదలుటకు చోటుండవలెను. మోకాళ్లు ముడిచి కడుపు ప్రక్కకు చేర్తురు, లేనిచో కప్పకాళ్లవలె విచ్చుకొని తుంటికీళ్లు చెడును. చేతులు నోటికడకు చేర్తురు. అంతట ఇద్దరును చేతులు తీయక, తెరమీది ప్రాణవాయువు అంకెను, వీపు రెండు ప్రక్కల ఎత్తును చూతురు. అంకె మొదట కొంత పడి, పిదప మెల్లగా ఎక్కును. ఎక్కని యెడల మరల వెల్లకిలకు త్రిప్పుదురు. కొన్ని క్షణముల ఈ పనిలో తల, మెడ, గొట్టము మూడును ఒకే చేతియాజ్ఞలో నుండవలెను. ఈ నేర్పు పుస్తకములలో కంటె ఒకరి ప్రక్కన ఒకరు నిలిచి నేర్చుకొనిన నేర్పు.

శిశువు పెద్దవాని చిన్నరూపు కాదని తెలుపు మరియొక సంగతి 1983లో లండనునుండి వచ్చెను. పెద్దవానికి ఒక ఊపిరితిత్తి చెడినచో మంచి ఊపిరితిత్తి క్రిందుగా ఉండునట్లు ఒత్తిగిలింపవలెనని సూత్రము. క్రిందిదానికి రక్తమును, గాలియు హెచ్చుగా చేరును. హీఫ్, హెల్మ్స్ మొదలైనవారు శిశువులలో దీనికి విపరీతమని కనుగొనిరి: మంచి ఊపిరితిత్తి పైనున్నప్పుడే వానికి ప్రాణవాయువు బాగుండును. మెత్తని ఱొమ్ము క్రింది ఊపిరితిత్తిని నొక్కివేయుటయే హేతువు. ఏండ్ల తరబడి పెద్దవారి సూత్రము ననుసరించి పసివారిని పరుండబెట్టిన చేతులు ఇది విని ఎంత కలతపడియుండునో ఊహింపవచ్చును.

ఇక రెండవ ప్రశ్న: గొట్టము ఎప్పుడు తీయవలెను? యంత్రము ప్రాణమును నిలుపును గాని, దినదినమును ఊపిరితిత్తులను కొంత గాయపరచును. కావున తొందరగా తీయుట మేలు. తొందరపడి తీసినచో బిడ్డ అలసి ఊపిరి మరచును. మరల గొట్టము వేయవలెను, అదియు గాయమే. ఈ సందిగ్ధమునకు మూలము కండరమునందే కలదని 1978లో అదే టొరంటో ఆసుపత్రిలో కీన్స్, బ్రయన్ ప్రభృతులు చూపిరి. అలసట నెరుగని కండరతంతువులు పెద్దవారి ఉదరవితానమున సగమునకు పైబడియుండగా, నిండునెలల శిశువునందు నాలుగవ వంతు మాత్రమే, నెలతక్కువ శిశువునందు పదవవంతునకు మించనివి. పరుగు పందెమునకు నిలువజాలని కండరముతో ఆ బిడ్డ ఏకధాటిగా పరుగెత్తవలసియున్నది. దానికి తోడు మెదడులోని శ్వాసకేంద్రము అపక్వమై, నిద్రలో ఊపిరిని ఇరువది క్షణములు మరచిపోవును.

బోరగిల ఈ ఘట్టమున ఎంత తోడ్పడును? 2003లో బ్రెజిలు దేశమున 40 మందికి పైబడిన నెలతక్కువ శిశువులపై జరిగిన పరీక్షలో, బోరగిలనుంచినవారు వెంటిలేటరునుండి శీఘ్రముగా విడివడిరి, మరల గొట్టము వేయవలసిన అవసరమును తక్కువగా కలిగెను. ఐతే లోకమందలి ఇట్టి పరీక్షల నన్నిటిని, సుమారు 500 మంది శిశువుల వృత్తాంతములను, ఒకచోట చేర్చి తూచిన కాక్రేన్ సమీక్ష మితముగా మాటలాడినది: బోరగిలలో ప్రాణవాయువు స్వల్పముగా మెరుగగును, నిజమే, కాని అది వారి దీర్ఘకాలపు క్షేమమును మార్చుననుటకు తగిన సాక్ష్యము లేదు. ఈ మితభాషణమును నేను గౌరవింతును. భంగిమ మందు కాదు. మందునకును, యంత్రమునకును, బిడ్డ ప్రయత్నమునకును అడ్డు తొలగించు సాయము. 1980లో జపానుదేశీయుడు ఫుజివారా ఎద్దుజాతి ఊపిరితిత్తులనుండి తీసిన స్నిగ్ధపదార్థమును శిశువుల గొంతున పోసి 10 మందిలో కలిగిన అద్భుతమును ప్రకటించెను. 1972లో న్యూజీలాండున లిగిన్స్, హోవీ అనువారు గర్భవతులకు స్టెరాయిడు సూది వేసి ఊపిరితిత్తులను ముందే పక్వము చేయవచ్చునని చూపియుండిరి. 2006లో ప్రకటితమైన పెద్ద పరిశోధనలో కాఫీయందలి కెఫీనే శిశువులను యంత్రమునుండి ఒక వారము ముందుగా విముక్తులను చేసెను. ఆ సంవత్సరమే మెల్‌బోర్న్ వైద్యులు గొట్టము తీయుటకు ముందు యంత్రపు ఊపిరులను మూడు నిమిషములు నిలిపి, పీడనము మాత్రముంచి, బిడ్డ స్వయముగా నెట్టుకొనివచ్చునేమో చూడు పరీక్షను ప్రకటించిరి. మూడు నిమిషముల పరీక్ష కొంత తెలుపును గాని అంతయు తెలుపదని పిమ్మటి పరిశీలనలు చెప్పినవి. అనుభవముగల నర్సు కన్ను నేటికిని ఆ పరీక్షలో భాగముగనే యున్నది.

ఇదే బోరగిల మరియొక చోట దుఃఖమునకు కారణమైనది. దానిని దాటిపోవుట న్యాయము కాదు. 1944లోనే న్యూయార్కున అబ్రాంసన్ అను వైద్యుడు ఊయలలో హఠాత్తుగా మరణించిన శిశువులలో అధికులు బోరగిలనుండిరని వ్రాసెను. ఐనను 1950లు మొదలు, వాంతి వచ్చినచో ఊపిరాడదను భయముతో, పశ్చిమదేశముల వైద్యులును, తల్లులు వేదముగా చదివిన స్పాక్ గ్రంథమును, పిల్లలను బోరగిల పరుండబెట్టుడనిరి. నెలతక్కువ శిశువులకు ఆసుపత్రిలో బోరగిల మేలైనదను వార్త ఈ వాడుకను ఇంకను బలపరచినదని తరువాతి పరిశీలకులు తలచిరి. వేలకొలది పిల్లలు నిద్రలో మరణించిరి. 1980ల చివర నెదర్లాండ్సు, న్యూజీలాండు, ఇంగ్లండు దేశముల పరిశోధకులు సాక్ష్యమును కుప్పపోసి, బోరగిల నిద్రయే అందు ప్రధానదోషమని నిర్ధారించిరి. 1991లో ఇంగ్లండునను, 1994లో అమెరికాలోను వెల్లకిల నిద్రపుచ్చుడను ప్రచారము సాగినది. అమెరికాలో ఆ మరణములు కొలది యేండ్లలో సగమునకు తగ్గినవి.

కావున నవజాతశిశువుల వార్డులో నేడు రెండు సూత్రములు ప్రక్కప్రక్కనే నడచును. గొట్టముతోనో, సీప్యాప్‌తోనో యున్న బిడ్డ, గుండె ఊపిరి తెరమీద అనుక్షణము కనబడుచుండగా, బోరగిలనుండవచ్చును. ఆ తెర తీసివేయు దినము సమీపించినంతనే, ఇంటికి పోవుటకు కొన్ని వారముల ముందుగనే, వానిని వెల్లకిల నిద్రకు అలవాటు చేయవలెను. ఎందుకనగా తల్లి ఆసుపత్రిలో కన్నులార చూచినదానినే ఇంట చేయును. ఎన్ని మాటలు చెప్పినను చూచినదే నిలుచును. మన జిల్లా ఆసుపత్రుల ప్రత్యేక నవజాతశిశు విభాగములలో ఈ భేదమును తల్లికిని, ముఖ్యముగా కాళ్లు చాచి పసిబిడ్డను బోరగిల వేసికొని నీళ్లుపోయుటకు అలవాటుపడిన అమ్మమ్మ నాయనమ్మలకును ఓపికతో విశదపరుపవలసియున్నది. నీళ్లు పోయునప్పటి బోరగిల పెద్దల కన్నుల యెదుటిది, ఏ హానియు లేనిది. గదిలో ఒంటరి నిద్రలోని బోరగిల వేరు.

తల్లి ఱొమ్ముపైననే బోరగిల వేసికొనునట్టి మూడవ మార్గము 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో వెలసెను. ఇంక్యుబేటర్లు చాలక ఒక్కొక్కదానిలో ఇద్దరు ముగ్గురు శిశువుల నుంచవలసి వచ్చిన ఆసుపత్రిలో, ఎడ్గార్ రే అను వైద్యుడును, పిదప మార్టినెజ్ అను సహచరుడును, బిడ్డను వస్త్రము లేకుండ తల్లి ఱొమ్ముల నడుమ నిలువుగా కట్టి ఉంచిరి. కంగారూ మాతృసంరక్షణ మను పేర అది లోకమంతట వ్యాపించెను. అందు బోరగిల కలదు, తల ఎత్తుగా నుండుట కలదు, వెచ్చదనము కలదు, కన్నుమరుగు కాని కాపలా కలదు. మొదట అది స్థిమితపడిన శిశువులకే యనిరి. క్రమముగా సీప్యాప్‌తోనున్నవారిని, అనుభవముగల చోట్ల వెంటిలేటరుతోనున్నవారిని సహితము, గొట్టములను తల్లి భుజమునకు అతికించి, ఆమె ఱొమ్మునకు చేర్చసాగిరి. 2021లో ప్రకటితమైన, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొన్న ఐదుదేశముల పరిశోధనలో, 1 నుండి 1.8 కిలోల లోపు బరువుగల శిశువులను స్థిమితపడువరకు వేచియుండక పుట్టిన వెంటనే తల్లి ఱొమ్మున చేర్చినప్పుడు మరణములు నూటికి 15.7 నుండి 12కు తగ్గినవి. మరుసటి యేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని అన్ని దేశములకును సిఫారసు చేసెను. దీనితో వార్డుల నిర్మాణమే మారవలసి వచ్చినది. తల్లిని ప్రసూతివార్డునను, బిడ్డను అద్దాల గదిలోను వేరుచేసిన కట్టడములలో ఈ వైద్యము సాగదు. తల్లి మంచము వెంటిలేటరు ప్రక్కకు రావలెను, ఆమె భోజనము, ఆమె కుట్ల వైద్యము, ఆమె వెంటవచ్చిన మరియొక మనిషికి చోటు అన్నియు ఆ గదిలోనే అమరవలెను. సఫ్దర్‌జంగ్‌లో అట్టి గదిని కట్టి నడపుచున్నారు. మన జిల్లా ఆసుపత్రులలో మంచములకు చోటు చాలుట ఇంకను మిగిలిన పని.